హైహీల్స్‌కు ప్రవేశం లేదు

"డెడ్‌లైన్ మధ్యాహ్నం పన్నెండు. ఆ తర్వాత నువ్వు వెళ్లినా ఒకటే, వెళ్లకపోయినా ఒకటే."

ఇయర్‌పీస్‌లో చీఫ్ కృష్ణకాంత్ గొంతు. అహేరి నుంచి సిరొంచకు వెళ్తున్న మహారాష్ట్ర ఎస్టీ బస్సులో ఏజెంట్ ప్రతిభ, భర్త మయూర్ గుప్పిట్లోంచి ఉప్పు శనగలు తీసుకుంటూ వింది. పెళ్లయి పంతొమ్మిది రోజులు. ఇది కొత్తజంట వేషంలో కొత్తజంటే వెళ్తున్న మిషన్! కిటికీ సీటు కూడా దొరికింది.

"టార్గెట్?"

"యూనివర్సిటీ వాళ్ల డేటా సైన్స్, ఏఐ ఇన్నోవేషన్ సెంటర్. వాళ్ల వరద మోడల్ ఇవాళ పన్నెండుకు లైవ్. ఒక విదేశీ ముఠా దాన్ని తుడిచేసి తన సాఫ్ట్‌వేర్ అంటగట్టాలని చూస్తోంది. బ్యాకప్ నిన్ననే పోయింది. మిగిలింది ఒక్క సర్వర్. అది పోతే ఈ వానాకాలం నదీతీరం ఊళ్లకు హెచ్చరిక లేదు. అక్కడ మన మనిషి సుష్మ ఉంటుంది. కోడ్: ఎన్ని మెట్లు? జవాబు: పదకొండు."

సుష్మ గేటు దగ్గరే కలిసింది. నల్ల కళ్లద్దాలు, ఎర్ర హైహీల్స్.

"ఎన్ని మెట్లు?"

"పదకొండు. ఇన్‌స్పెక్షన్ ఆఫీసర్‌గా లోపల నేను చూసుకుంటా. నువ్వు గేటు వదలకు."

షామియానా కింద ప్రొఫెసర్ గోపాల్‌రావు మైకు పట్టుకున్నాడు.

"ఏడేండ్ల కింద ఇది వడ్ల గోదాం. ఒక్కటే పాత కంప్యూటర్. దుమ్ముకు మూడు నెలల్ల కాలిపోయింది. అప్పుడు ఇక్కడ ఊడ్చే మన మల్లక్క రూల్ పెట్టింది: చెప్పులు వరండాల్నే. లోపటికి తెస్తే, మంత్రైనా సరే, గదంత ఊడ్వాలె. సిరొంచల ఏఐ ఏందని పట్నపోళ్లు నవ్విండ్రు. నవ్వనియ్యుండ్రి! ప్రాణహిత ఘాట్ల ఎన్ని మెట్లు మునిగినయో మల్లక్క రోజూ చూసొచ్చి చెప్పింది, మేం కంప్యూటర్ల ఎక్కించినం. గదే మా మోడల్."

పదకొండు యాభై ఏడు. ప్రతిభ చూపు వరండా మీద పడింది. ప్రొఫెసర్ అరిగిన తోలు చెప్పులు. ఫ్యాన్ గాలి కోసం లోపల హాల్లోకి వెళ్లిన మయూర్ కొత్త పెళ్లి చెప్పులు. ఎర్ర హీల్స్ మాత్రం లేవు.

"ఆ మేడమ్ చెప్పులేవి, అక్కా?"

"సంచిల వెట్టుకున్నది బిడ్డా," అంది వరండాలో చీపురు పట్టుకున్న మల్లక్క. "కొత్తవట, ఎవలన్న ఎత్కపోతరని పరేషాన్. కాళ్లు ఉత్తయే ఉండె. పోనిచ్చిన."

సర్వర్ రూమ్‌లోకి హీల్స్ ఎందుకు? ప్రతిభ చేతికందిన మయూర్ చెప్పు పట్టుకుని పరుగెత్తింది. వెనకే మల్లక్క.

సర్వర్ పోర్టులో ఎర్ర హీల్ గుచ్చి ఉంది, దాని కొనలోనే పెన్‌డ్రైవ్. స్క్రీన్ మీద డిలీట్ కౌంట్‌డౌన్. సుష్మ చేతిలో పిస్టల్.

"ఆగు! ఇంకో ఇరవై సెకన్లే. ఈ అడవిలో ఏఐ ఎవరికి కావాలి?"

"మాకే గావాలె!" మల్లక్క చీపురుతో ముందుకొచ్చింది. "మీ దొరలకు మా ఘాట్ మెట్లు తెల్సునా? ఏడేండ్లు లెక్కవెట్టిన. నన్ను కాల్చుకో. దాన్ని ముట్టకు!"

పిస్టల్ అటు తిరిగింది. ఆ ఒక్క క్షణం చాలు. పెళ్లి చెప్పు గాల్లోకి లేచి హీల్‌ను ఠప్పున కొట్టింది. హీల్ ఊడి కింద పడింది. కౌంట్‌డౌన్ రెండు దగ్గర ఆగిపోయింది. పక్క హాల్లోంచి దూకిన మయూర్ సుష్మ చెయ్యి మెలిపెట్టి పిస్టల్ లాక్కున్నాడు.

సరిగ్గా పన్నెండు. బయట షామియానా కింద వందల ఫోన్లు ఒక్కసారిగా మోగాయి. తెలుగులో, మరాఠీలో, గోండిలో ఒకటే మాట: "ప్రాణహిత నాలుగు మెట్లు. ఇయ్యాల భయం లేదు."

మల్లక్క కళ్లు తుడుచుకుని, నేలమీది చెప్పును చూసింది.

"ఇదెవలు తెచ్చిండ్రు లోపటికి?"

"అక్కా, దేశం కోసం..."

"దేశం దేశమే, రూల్ రూలే. ఇగో, చీపురు పట్టు."

పది నిమిషాల తర్వాత చీఫ్‌కు ప్రతిభ మెసేజ్ వెళ్లింది: "మిషన్ సక్సెస్. డబుల్ ఏజెంట్ అరెస్ట్. రిటర్న్ ఆలస్యం. నేను ఊడుస్తున్నా, ఆయన చేట పట్టుకున్నాడు."