మిషన్ మీద రేకు

పొద్దున్నే ఆ ఇంట్లో ప్లగ్గు దగ్గర చోటు మాస్టరుదే. గోడ పక్కన స్టూలు వేసుకుని, కుడికాలు చాపుకుని, రోజూ రెండు గంటలు కూర్చోవాలి. చీలమండకి బిగించిన నల్ల పెట్టెకి ఛార్జింగు పెట్టాలి కదా మరి! ఛార్జింగు అయిపోతే అది కీచుమంటుంది. కీచుమంటే పరదేశీయుల కాగితాలు చూసే ఆఫీసువాళ్ళు ఫోన్ చేస్తారు. మనిషి ఎక్కడున్నాడో, పారిపోలేదు కదా అని వాళ్ళకి ఎప్పటికప్పుడు తెలియాలట. ఇరవై ఏళ్ళుగా వీధి చివరి దుకాణంలో పక్కవాళ్ళ ప్యాంట్ల అంచులు మడిచి కుట్టే దర్జీ పారిపోయి ఎక్కడికి పోతాడో ఆ పెట్టెకే తెలియాలి.

"ఈ వయసులో కాలికి పట్టీ పెట్టించుకున్నాను చూడు" అని మొదటి వారం ఆయనే ఇంటిల్లిపాదినీ నవ్వించాడు. నాలుగు నెలలు గడిచేసరికి ఆ హాస్యం అరిగిపోయింది. ఇప్పుడు ఊరికే కూర్చుని ఎవరివో చొక్కాలకి గుండీలు కుడుతున్నాడు.

ఆయన భార్య టీ తెచ్చి స్టూలు పక్కన పెట్టింది. ఆమె కూడా అదే దుకాణంలో కుడుతుంది. ఆమె చూపు బల్ల మీదికి వెళ్ళి వెంటనే వెనక్కి వచ్చేసింది. బల్ల మీద వారం రోజులుగా రెండు కాగితాలున్నాయి. ఒకటి, 'నా ఇష్టంతోనే ఈ దేశం విడిచి వెళ్ళిపోతున్నాను' అని అచ్చు వేసినది. దాని మీద మాస్టరు సంతకం పెడితే చాలు. రెండోది తెల్ల కాగితం. పాత కేసు రోజున ఏం జరిగిందో నీకు తెలిసింది తెలిసినట్టు రాసి ఇవ్వమ్మా అని వాళ్ళ లాయరమ్మ ఈమెకి ఇచ్చింది. అది ఇంకా తెల్లగానే ఉంది. ఈ రోజు పదకొండు గంటలకి ఆఫీసు లైన్లో నిలబడి హాజరు వేసుకోవాలి. రెండిట్లో ఏదో ఒక కాగితం చేతిలో ఉండాలి.

"టీ చల్లారిపోతుంది" అంది ఆమె.

"ఊఁ" అన్నాడాయన.

ఈ మధ్య వాళ్ళ మాటలు ఇంతవరకే. మొదటినుంచీ ఎక్కువ మాట్లాడుకునే జంట కాదనుకోండి. ఎదురెదురు మిషన్ల మీద పనిచేసేవాళ్ళకి ఆ చప్పుడే సరిపోతుంది.

పాత కేసు అంటే పద్దెనిమిదేళ్ళ కిందటిది. వాళ్ళకప్పటికి రెండు నెలల పిల్ల. దుకాణం మూసేస్తున్నానని చెప్పిన ఒకతని దగ్గర మాస్టరు గుడ్డ అంచులు కుట్టే పాత ఓవర్‌లాక్ మిషన్ కొన్నాడు. అది దొంగిలించిన మిషన్ అని తర్వాత తేలింది. పోలీసులు వచ్చి చూస్తే, ముందు భాగాన నంబరు చెక్కి ఉండాల్సిన రేకు లేదు. మాస్టరే స్క్రూలు విప్పి తీసేశాడు. "నంబరు రేకు పీకాడంటే దొంగసొత్తని తెలిసే కొన్నాడు" అని రాసేసుకున్నారు. కోర్టువాళ్ళు ఇచ్చిన లాయరు పది నిమిషాలు మాట్లాడాడు. ఒప్పుకుంటే జైలు లేదు, మూడు నెలలు పార్కు ఊడిస్తే చాలు, మధ్యాహ్నానికి ఇంట్లో ఉంటావన్నాడు. ఒప్పుకోకపోతే విచారణ అయ్యేదాకా లోపలే అన్నాడు. మాస్టరు సంతకం పెట్టాడు, పార్కు ఊడ్చాడు, అయిపోయిందనుకున్నాడు.

అవలేదు. కిందటేడు కూతురికి పద్దెనిమిది నిండాయి. ఇక్కడే పుట్టింది కాబట్టి ఆమె ఈ దేశపు పౌరురాలు. "నాన్నా, నువ్వు కూడా పౌరసత్వానికి పెట్టుకో, ఎన్నాళ్ళిలా గడువులు పొడిగించుకుంటూ" అని పోరుపెట్టి ఆమే దరఖాస్తు నింపింది. పాత కేసు సంగతి అడిగిన చోట మాస్టరు ఉన్నది ఉన్నట్టు రాయించాడు. "చిన్న కేసేలే, అమ్మలూ" అన్నాడు. కొరివితో తల గోక్కోవడమంటే అదే. పాత ఫైలు పైకి లేచింది. పౌరసత్వం బదులు, ఆ నేరం ఒప్పుకున్న పరదేశి ఇక్కడ ఉండడానికి వీల్లేదని నోటీసు వచ్చింది.

ఆ కూతురు ఇప్పుడు తల తుడుచుకుంటూ గదిలోంచి వచ్చింది. నేరుగా బల్ల దగ్గరికి వెళ్ళింది. తెల్ల కాగితం తిప్పి చూసింది. తర్వాత రెండోది చూసి ఆగిపోయింది. కింద గీత మీద మాస్టరు పేరులో మొదటి అక్షరం రాసి ఉంది.

"నాన్నా! ఏంటిది?"

"కలం రాయలేదమ్మా, ఇంకు అయిపోయింది. నీ కలం ఒకటియ్యి" అన్నాడు మాస్టరు, గుండీ మీదినుంచి చూపు తిప్పకుండా.

"ఇంకు ఉంటే పెట్టేసేవాడివా? మాతో ఒక్క మాటైనా అనకుండా?"

"అనడానికేముంది? నా అంతట నేను వెళ్తే బేడీలు వెయ్యరు, లోపల పెట్టరు. మీ అమ్మ కాగితాలు మీ అమ్మకున్నాయి. నీకు కాలేజీ ఉంది. అలిసిపోయానే తల్లీ. ఈ ప్లగ్గూ, ఆ లైనూ, ఆ ఫోనూ... ఇంక నా వల్ల కాదు."

కూతురు సింకు దగ్గర గిన్నెలు కడుగుతున్న తల్లి వైపు తిరిగింది. నాలుగు నెలల ఉక్రోషమంతా ఒక్కసారి బయటికొచ్చింది.

"విన్నావా? వారం నుంచి అడుగుతున్నానమ్మా నిన్ను. నాలుగు ముక్కలు రాయడానికి ఏమైంది నీకు? ఆయన తప్పేం లేదని, సంతకం పెడితే ఇలా అవుతుందని ఎవరూ చెప్పలేదని రాస్తే, పాత తీర్పు మళ్ళీ విచారించమని అడగొచ్చని లాయరమ్మ చెప్పింది కదా! నీకేం పట్టనట్టు తిరుగుతున్నావు. ఆయన వెళ్ళిపోతే నీకు ఫరవాలేదా?"

"అమ్మని ఏమనకు" అన్నాడు మాస్టరు.

"అంటాను! దరఖాస్తు పెట్టించి ఇంతదాకా తెచ్చింది నేను. రాత్రీ పగలూ అదే గుచ్చుకుంటోంది నాకు. కనీసం ఈ ఒక్కటైనా చెయ్యనివ్వండి నన్ను!"

తల్లి చేతిలో గిన్నె సింకులో జారి పడింది. ఆమె దాన్ని తియ్యలేదు. కొళాయి కట్టి, తడిచేతులతోనే వచ్చి కుర్చీలో కూలబడింది.

"నీ వల్ల కాదే. నా వల్ల" అంది. "ఆ రోజు మీ నాన్న సంతకం పెట్టనన్నాడు. చెయ్యని తప్పు ఒప్పుకోనని కోర్టు వరండాలో మొండికేశాడు. నేనే ఏడ్చాను. చంకలో నువ్వు పాల కోసం గుక్కపెడుతున్నావు. నాకా, ఈ ఊళ్ళో బస్సెక్కడం కూడా సరిగ్గా రాదు. ఒప్పుకుని ఇంటికి రండి, మనకెందుకీ గొడవ అని కాళ్ళావేళ్ళా పడ్డాను. ఇప్పుడు ఆ ముక్క నా చేత్తో నేను రాసివ్వాలి. నువ్వు చదవాలి. మీ నాన్నని ఇంట్లోంచి పంపించేది మీ అమ్మేనని."

ఇన్నాళ్ళూ కూతురు తన తప్పు తానొక్కతే మోస్తున్నాననుకుంది. తండ్రి వంక చూస్తే ఆయన తలొంచుకున్నాడు.

కూతురు తన సంచిలోంచి కలం తీసింది. తండ్రికి ఇవ్వలేదు. తెల్ల కాగితం ముందుకి లాక్కుని, తల్లి పక్కన కుర్చీ జరుపుకుని కూర్చుంది.

"చెప్పమ్మా. నువ్వు చెప్పు, నేను రాస్తాను. నువ్వు సంతకం పెడుదువుగాని."

తల్లి చెంగుతో ముక్కు తుడుచుకుంది. మెల్లిగా మొదలుపెట్టింది. వరండా గురించి చెప్పింది. పది నిమిషాల లాయరు గురించి, ఫోన్లో సగం సగం అనువాదం చేసిన గొంతు గురించి, దేశం దాటిస్తారన్న మాట ఎవరి నోటా రాకపోవడం గురించి చెప్పింది. కూతురు రాస్తూనే ఉంది.

"ఇంకా?"

"ఇంకా... ఆ రేకు. రేకు ఎందుకు తీశాడో రాయి."

మాస్టరు సూది ఆగింది.

"ఆ మిషన్ మీద పనిచేసింది నేను. పల్చటి గుడ్డ పెడితే చాలు, ఆ రేకు అంచు పట్టేసేది. ఒకామె గౌను చిరిగిపోయి దుకాణంలో అందరి ముందూ నన్ను నానా మాటలూ అంది. నేను ఇంటికొచ్చి అన్నం తినలేదు. మర్నాడు వెళ్ళేసరికి రేకు లేదు. స్క్రూల కన్నాల మీద మైనం కూడా పూసి ఉంది, దారం తగులుకోకుండా. తర్వాత ఒక్క గుడ్డ చిరగలేదు. నా కోసం తీశాడు. నంబరు దాచడానికి కాదు."

"నీకు తెలుసా?" అన్నాడు మాస్టరు.

"తెలియకేం? మర్నాడు పొద్దున్నే చూశాను కదా."

"మరి పద్దెనిమిదేళ్ళలో ఒక్కసారైనా అడగలేదేం, ఎందుకు తీశారండీ అని?"

"తెలిసినదాన్ని ఏమని అడగను?"

మాస్టరు చేతిలో చొక్కా ఒళ్ళోకి జారిపోయింది. "నేనేమనుకున్నానో తెలుసా" అన్నాడు. "ఒప్పుకోమన్నావు కదా. ఒక్క మాట అడక్కుండా ఒప్పుకోమన్నావు. నువ్వు కూడా నన్ను దొంగే అనుకున్నావనుకున్నాను. పోనీలే, అనుకున్నా నాతోనే ఉంది కదా, అదే చాలు అనుకుని... ఇన్నేళ్ళూ..."

ఆయన ఏడ్చాడు. బుద్ధెరిగాక తండ్రి ఏడవడం కూతురు చూడలేదు. తల్లి లేచి వెళ్ళబోయి, వైరు అడ్డం వస్తే దాటి, ఆయన కాలి పక్కన నేల మీదే కూర్చుంది.

"ఎంత పిచ్చివాళ్ళండీ మీరు" అంది. "దొంగకి నేను టీ పెట్టిస్తానా?"

ఏడుస్తూనే నవ్వాడాయన. కూతురు అచ్చు కాగితాన్ని రెండుగా మడిచి తన పుస్తకంలో పెట్టేసుకుంది. తల్లి నేల మీదినుంచే చెయ్యి చాపి, తను చెప్పి రాయించిన కాగితం అందుకుని, మోకాలి మీద పెట్టుకుని, వంకరటింకరగా సంతకం చేసింది. ఇది పనికొస్తుందో లేదో లాయరమ్మ కూడా చెప్పలేనంది. పదకొండుకి ఆ లైన్లో నిలబడక తప్పదు. పెట్టె కాలికి ఉండనే ఉంది.

"ఒకసారి చదివి వినిపిస్తాను, తప్పులుంటే చెప్పండి" అంది కూతురు.

మొదటినుంచి చివరిదాకా చదివింది. ఇద్దరూ విన్నారు. తప్పులేం లేవన్నారు.

"అమ్మలూ" అన్నాడు మాస్టరు, చొక్కా చేతిలోకి తీసుకుంటూ. "ఆ రేకు గురించిన ముక్క ఇంకొక్కసారి చదువు."