లోపలివాళ్ళు బయటికొచ్చేదాకా

మా ఆఫీసు సెల్లార్‌లో ఒక కోల్డ్ రూమ్ ఉంది. అందులో ఐస్‌క్రీములు ఉండవు. మట్టి ఉంటుంది. ఎక్కడో ఉత్తరాన, చెట్టన్నది మొలవని టండ్రాలో తరతరాలుగా గడ్డకట్టుకుపోయిన నేలను తొలిచి, చెరకు గడల్లా పొడుగ్గా తీసి మాకు పంపిస్తారు. వాటిని రంపంతో బిళ్ళలుగా కోసి పై అంతస్తులోని ల్యాబుకి ఇవ్వాలి. అది నాకూ మా వదినకూ ఉద్యోగం. మట్టి కొయ్యడానికి కూడా జీతమా అని బంధువులు నవ్వుతారు. కందకు లేని దురద కత్తిపీటకెందుకో నాకు అర్థం కాదు.

ఆ గదికి ఒక పద్ధతి ఉంది. లోపల ఒకరు, బయట కుర్చీలో ఒకరు. లోపలున్నవాళ్ళు మధ్యమధ్యలో తలుపు మీద మూడుసార్లు కొట్టాలి. బయటివాళ్ళు తిరిగి మూడుసార్లు కొట్టాలి. జవాబు రాకపోతే లోపలివాళ్ళు ఎక్కడి పని అక్కడ వదిలేసి బయటికి వచ్చెయ్యాలి. వాళ్ళు వచ్చి, గ్లవ్స్ విప్పి మేకుకి తగిలించేదాకా బయటివాళ్ళు కుర్చీ వదలకూడదు. ఆ చలిలో మనిషి మత్తుగా కూలబడిపోయినా ఎవరికీ తెలియదు మరి. దీన్ని నాకు అన్నయ్య నేర్పాడు, వదినకు నేను నేర్పాను. ఇప్పుడు మా ఇద్దరికీ ఆలోచన లేకుండానే చెయ్యి లేస్తుంది. ఇంట్లో నేను బాత్రూమ్ తలుపు తట్టినా లోపల్నుంచి వదిన తిరిగి కొడుతుంది.

అన్నయ్య మాత్రం మూడు కొట్టి, కాస్త ఆగి, వేలి కొసతో ఇంకోటి కొట్టేవాడు. అది పద్ధతి కాదు, వదిన కోసం.

తర్వాత తవ్వేవాళ్ళతో టండ్రాకి వెళ్ళాడు. ఆ ఏడు అక్కడ ఎప్పుడూ లేనంత ఎండ కాసిందట. రాయిలా ఉండాల్సిన నేల జావలా జారి, గుడారంతో సహా అన్నయ్యను మింగేసింది. వెతుకుతుండగానే చలికాలం వచ్చి మళ్ళీ గట్టిపడిపోయింది. మనిషి దొరకలేదు. తను చివరిగా తీసిన మట్టి గడలు మాత్రం వచ్చాయి. పెట్టెల్లోనే కోల్డ్ రూమ్ చివరి అరలో పెట్టాం. వాటిని కొయ్యడానికి నాకు చేతులు రాలేదు. ల్యాబు సారు కూడా అడగలేదు.

అప్పట్నుంచి వదినకి ఆ కుర్చీయే లోకమైపోయింది. పని లేకపోయినా తలుపుకి ఆనుకుని కూర్చునేది. నేను పోరగా పోరగా చివరికి ఓ టైలరింగ్ షాపులో పనికి ఒప్పుకుంది. ఎండ పడే కిటికీ, దాని పక్కన మిషను. ఆ రోజు ఇక్కడ ఆమెకి ఆఖరి రోజు. ఆమెను ఆ కుర్చీలోంచి లేపి ఇంటికి చేరిస్తే చాలు, ఇంకేమీ వద్దనిపించింది నాకు.

సరిగ్గా ఆ మధ్యాహ్నమే కరెంటు పోయింది. బయట రోడ్డు మీద తారు కరిగి చెప్పులకి అంటుకుంటోంది. కాసేపు జనరేటర్ మూలిగింది, తర్వాత అదీ వేడెక్కి ఆగిపోయింది. సారు పరుగెత్తుకుంటూ వచ్చి, చల్లటి వ్యాన్ తెప్పించాను, పెట్టెలన్నీ ఎక్కించండి అన్నారు.

"ఆఖరి రోజున కూడా నన్ను ఉత్తినే పంపించదే ఈ ఉద్యోగం" అంది వదిన.

నేను తలకి లైటు కట్టుకుని లోపలికి వెళ్ళాను. పెట్టెలు గుమ్మం దాకా నేను లాగితే, అక్కడి నుంచి డ్రైవరు మోసుకెళ్ళాడు. నడుము విరిగిపోయింది. లోపల అప్పటికే చలి తగ్గుతోంది. గోడల మీది మంచు వదులై జారుతోంది. టప్... టప్... అని ఎక్కడో చుక్క పడుతోంది. ఒక వాసన మొదలైంది. పాత బురద, కుళ్ళిన నాచు, తడిసిన జంతువు కలిసిన వాసన. కరిగే మట్టిలోంచి బుడగలు పొంగి పగులుతున్నాయి. ఆ నేల కరిగితే అందులో నిద్రపోయే గాలి బయటికొచ్చి ఎండలు ఇంకా ముదురుతాయని, ముదిరిన ఎండలకి నేల ఇంకా కరుగుతుందని సారు చెబుతుండేవారు. అచ్చం మా ఇంటి గొడవల్లాగే. మూడు కొట్టాను. వదిన మూడు కొట్టింది.

చివరి అర మిగిలిపోయింది. వ్యాన్ నిండింది. ఒకసారి దింపి వస్తామని సారు కూడా దాంట్లోనే వెళ్ళిపోయారు. నేను బయటికొచ్చి తలుపు మూసి, గ్లవ్స్ మేకుకి తగిలించాను. పక్కనే వదిన జత వేలాడుతోంది. నేల మీద చతికిలబడి సీసాలో గోరువెచ్చటి నీళ్ళు తాగాను. సెల్లార్‌లో మెట్ల మీద నుంచి వచ్చే వెలుగు తప్ప అంతా చీకటి.

తలుపు మీద మూడు దెబ్బలు పడ్డాయి.

లోపల్నుంచి.

నేను నోరు తెరిచేలోపే వదిన చెయ్యి లేచింది. మూడు కొట్టేసింది. కొట్టాక తన చేతిని తనే చూసుకుంది. తర్వాత నన్ను చూసింది.

లోపల కాసేపు నిశ్శబ్దం... అప్పుడు వేలి కొసతో ఇంకోటి.

"మీ అన్నయ్యే" అంది వదిన. అరవలేదు. ఏడవలేదు.

"కాదు వదినా. మంచు విరిగి పడుతోంది."

"మంచు ఎక్కడైనా ఆగి ఆగి కొడుతుందటే?"

ఆమె పిడి మీద చెయ్యి వేసింది. నేను ఆ చేతిని పట్టుకుని లాగేశాను. నేనే చూస్తానని తలుపు తల పట్టేంత తెరిచి లైటు వేశాను. చివరి అర కింద పెట్టెలు బోర్లా పడి ఉన్నాయి. నేలంతా నల్లటి బురద. మనిషన్నవాడు లేడు. ఊపిరి పీల్చుకుని తలుపు మూయబోతూ దాని లోపలి వైపు చూశాను. మనిషి ఎత్తులో... వేళ్ళ కణుపుల ముద్రలు. తడిగా ఉన్నాయి. కొంచెం కింద, ఒంటరిగా ఒక వేలి కొస.

మూసేశాను.

"ఎవరూ లేరు" అన్నాను.

"అబద్ధాలాడటం నీకు చిన్నప్పట్నుంచీ రాదు" అంది వదిన. కుర్చీ తలుపుకి ఇంకా దగ్గరగా జరుపుకుని కూర్చుంది. "లోపల మనిషుండగా కుర్చీ వదలకూడదు. నువ్వేగా నేర్పావు."

బతిమాలాను. తిట్టాను. కాళ్ళు పట్టుకున్నాను. చివరికి ఒకటే మాట పనిచేసింది.

"బయట ఒకరుంటే చాలుగా. నేను కూర్చుంటాను. నువ్వు ఇంటికెళ్ళి తలుపేసుకో."

వదిన చాలాసేపు నా ముఖంలోకి చూసింది. "తను కొడితే జవాబు ఇవ్వు" అని లేచింది. మెట్లెక్కి ఆ వెలుగులోకి వెళ్ళిపోయింది. ఇల్లు రెండు వీధుల అవతలే. బతికిపోయాం అనుకున్నాను.

మళ్ళీ కొట్టారు. మూడు.

నా చెయ్యి దానంతటదే లేచింది. రెండో చేత్తో పట్టుకుని ఒళ్ళో అదుముకున్నాను. మళ్ళీ మూడు... ఈసారి గట్టిగా. పళ్ళు బిగబట్టాను. జవాబు ఇవ్వకపోతే విసిగి ఊరుకుంటాడని ఆశ. అన్నయ్యా, నాకు ఓపిక లేదు, పడుకో అన్నాను మనసులో.

చప్పుడు ఆగిపోయింది.

గెలిచాననుకున్నాను. ఆ వాసన మాత్రం దగ్గరికొచ్చింది... నా పక్క నుంచి పోయింది... మెల్లగా పలచబడింది. కళ్ళు గట్టిగా మూసుకున్నాను. పద్ధతిలోని మిగతా సగం అప్పుడు గుర్తొచ్చింది. జవాబు రాకపోతే లోపలివాళ్ళు బయటికి వచ్చెయ్యాలి.

కరెంటు వచ్చింది. లైట్లు వెలిగాయి. తలుపు మూసే ఉంది. మేకుకి మూడు జతలు వేలాడుతున్నాయి.

మూడో జతకి బురద. కింద నేల మీద చుక్కలు... ఆ చుక్కలు మెట్ల వైపు వెళ్ళాయి.

ఫోన్ ఎలా తీశానో తెలియదు. వదిన వెంటనే ఎత్తింది.

"ఏమే, తాళం చెవి మర్చిపోయావా? ఎందుకలా తలుపు కొడుతున్నావు?"

"వదినా... నేను ఇంకా సెల్లార్‌లోనే ఉన్నాను. తలుపు తియ్యకు. తిరిగి కొట్టకు."

వదిన చిన్నగా నవ్వింది. ఆ నవ్వు విని ఎన్నాళ్ళయిందో.

"కొట్టేశానే" అంది.

మేకు మీది గ్లవ్స్‌ని ఎప్పుడు తీసి పట్టుకున్నానో నాకు గుర్తు లేదు. ఫోన్‌లో గడియ తీసిన చప్పుడు వినిపించింది. నా చేతిలోని గ్లవ్స్‌కి పైన బురద మంచులా చల్లగా ఉంది. లోపల మాత్రం, అప్పుడే ఎవరో చేతులు తీసినట్టు, ఇంకా వెచ్చగా ఉంది.