గాల్ జిల్లా ఓట్లు

రేపు ఎన్నికల సభలో అషుబాను చంపబోతున్నారని గూఢచారి శాఖ చీఫ్ బతాల్ చెప్పాడు.

ఏజెంట్ అద్గుర్ తర్బా ఉలిక్కిపడ్డాడు. అషుబా ప్రతిపక్ష అభ్యర్థి. చంపేది విదేశీ ముఠా, నెపం మాత్రం గాల్ జిల్లా జార్జియన్ల మీద. అదే జరిగితే వాళ్ల ఓట్లు పోతాయి, ఆపైన ఇళ్లు తగలబడతాయి. జార్జియాతో యుద్ధం చేసి విడిపోయిన, నాలుగైదు దేశాలు తప్ప ఎవరూ గుర్తించని అబ్ఖాజియాలో మళ్లీ యుద్ధానికి అది చాలు.

ముఠాలో మన మనిషి ఉందని, ఆమె చెప్పే కోడ్‌కు సరైన జవాబిస్తే మాట్లాడుతుందని చీఫ్ చెప్పి పంపాడు.

మర్నాడు పొద్దున రాజధాని సుఖుమ్ సముద్రపు ఒడ్డున, నెరిసిన పెట్టుడు మీసంతో, చదరంగం ఆడే ముసలాళ్ల మధ్య కాఫీ తాగుతున్నాడు అద్గుర్. ఎర్ర కోటు, నల్ల కళ్లద్దాల అందగత్తె వచ్చి పక్కన కూర్చుంది. కానిస్టేబుళ్లు సైతం వెనక్కి తిరిగి చూశారు.

"నిన్నటి అబిస్తలో ఉప్పు ఎక్కువైంది," అందామె.

అబిస్త అంటే మొక్కజొన్న సంకటి. అందులో ఉప్పే వెయ్యరు.

"మా ఇంట్లో అయితే తేనె వేస్తారు," అన్నాడతను.

ఆమె పేరు త్సియాలా. సొంతూరు గాల్. నేరం గాల్ వాళ్ల మీదికి నెట్టొచ్చనే ముఠా ఆమెను చేర్చుకుంది. బాంబు వేదిక మీది మైకులో ఉందని, స్విచ్ నొక్కితే పేలుతుందని గబగబా చెప్పింది.

"నాకేమైనా అయితే మా అమ్మను ఇంగుర్ నది దాటించి జార్జియా చేర్చు. ఇంకేం అడగను."

అద్గుర్ మాటిచ్చాడు.

సౌండ్ మెకానిక్ వేషంలో అతను వేదిక ఎక్కేసరికి అషుబా వేలు స్విచ్ మీదికి వెళ్తోంది. పెన్నులో దాచిన కత్తెరతో వైరు తెంపాడు. స్విచ్ టక్కుమంది. అంతే.

"మైకు చూసుకోవద్దటయ్యా?" అని విసుక్కున్నాడు అషుబా.

చీఫ్ వచ్చి అభ్యర్థి చెవిలో ఏదో ఊదాడు. ఇంకో మైకు తెచ్చారు. గాల్ వాళ్లు తన ప్రాణం తీయబోయారని అషుబా గొంతు చించుకున్నాడు. జనం ఊగిపోయారు. అవతల పోలీసులు త్సియాలాను జీపులోకి తోస్తున్నారు.

అద్గుర్ చీఫ్ దగ్గరికి పరుగెత్తాడు. "సార్, ఆమె మన మనిషి."

"తెలుసురా. కానీ గాల్ మనిషి కూడా. జనానికి ఎవరినో ఒకరిని చూపించాలిగా."

"నిజం చెప్పొచ్చు కదా సార్."

"వెళ్లి చెప్పు," అన్నాడు చీఫ్, జనం వైపు చేయి చూపిస్తూ.

అద్గుర్ మైకు వైపు కాకుండా తన కారు వైపు నడిచాడు.

సాయంత్రానికి పార్లమెంటు గాల్ వాళ్ల ఓటు హక్కు రద్దు చేసింది. అద్గుర్ త్సియాలా తల్లిని కారులో ఎక్కించుకుని వెళితే ఇంగుర్ వంతెన మూసి ఉంది. పెద్దావిడ కూతురేదని అడుగుతూనే ఉంది.

చీఫే చేసిపెట్టే పనికి విదేశీ ముఠా అనవసరంగా మందుగుండు దండగ చేసుకుంది.