క్రీము రాయని కన్ను

హారతి కుర్చీ అంచున కూర్చుంది. మంచినీళ్ళ గ్లాసును తాగకుండానే బల్ల మీద పెట్టేసింది.

"నా క్రీము వల్ల ఒకావిడ కన్ను పాడైందంటున్నారండి. రేపటిలోగా తేలకపోతే కేసు కట్టేస్తానన్నారు ఎస్సైగారు. యూనిట్ మూసేసుకోవాలి. జైలుకెళ్ళినా వెళ్ళాలి."

కనకవల్లి ముప్ఫయ్యేళ్ళు కళాశాలలో రసాయనశాస్త్రం బోధించి, పదవీ విరమణ తరువాత రాజమండ్రి దానవాయిపేటలో ప్రైవేటు డిటెక్టివుగా పనిచేస్తోంది. ఆమె మొదటి ప్రశ్న కోసం సహాయకుడు ఉదయ్‌భాస్కర్ పెన్ను తీసి ఎదురుచూశాడు. నాలుగేళ్ళుగా అతనికి అదే అలవాటు.

"మొదటి నుంచీ చెప్పమ్మా."

హారతి నిడదవోలులో కంటి కింది నలుపు పోగొట్టే క్రీము తయారుచేస్తోంది. అమ్మకానికి పెట్టే ముందు పన్నెండుమంది స్త్రీలతో ఎనిమిది వారాల పరీక్ష మొదలుపెట్టింది. క్రీము కుడి కంటి కిందే రాయాలి. పోల్చి చూడటానికి ఎడమ కంటిని అలాగే వదిలేయాలి. ప్రతి సోమవారం హారతి ఇంటింటికీ వెళ్ళి, పౌడరు కూడా లేని ముఖాన్ని కిటికీ వెలుతురులో ఫొటో తీసి, డబ్బీని తూకం వేసి వస్తుంది.

"కన్ను పాడైంది ఎవరికి?"

"రత్నమాణిక్యం గారికండి. పెనుగొండ దగ్గర రొయ్యల చెరువుల పల్లంరాజు గారి భార్య. ఏడో సోమవారం వెళితే రాజుగారు గుమ్మంలోనే ఆపేశారు. ఆవిడ ఫోను ఆయన దగ్గరే ఉంటుందండి, ఈ ఫొటో ఆయనే పంపారు."

కనకవల్లి భూతద్దం తీసి ఫోను మీదకు వంగింది. కన్ను పూర్తిగా మూసుకుపోయింది. చుట్టూ చిక్కని ఊదారంగు. చెంప ఎముక దగ్గర మాత్రం పలచని పసుపు.

"ఇది ఎడమ కన్ను."

"ఆయ్. రెండింటికీ రాసేసుకుందంటున్నారండి ఆయన."

"పరీక్షకు ఆమెను నువ్వు ఎంచుకున్నావా?"

"లేదండి. ఆయన కార్లో గుడికొచ్చినప్పుడు, పెనుగొండలో పరీక్షకి పేర్లు రాసుకునే మా స్టాలుకి రెండుసార్లు వచ్చారు. ఆవిడకి నలుపే లేదు, వద్దండీ అన్నాను. పట్టుబట్టారు. ఫొటోలు ఎన్నాళ్ళు దాస్తారని అడిగారు. ఐదేళ్ళన్నాను. తేదీ పడుతుందా అన్నారు. పడుతుందన్నాక సంతకం పెట్టారు."

కనకవల్లి భూతద్దం కింద పెట్టింది. "ఆ ఫొటోలన్నీ ప్రింటు తీయించు, అమ్మాయ్. రేపు నీ తక్కెడ కూడా తీసుకురా."

మరునాటి ఉదయం పల్లంరాజు ఇంటి హాల్లో ఎస్సై గణేష్‌బాబు ఎదుట అందరూ కూర్చున్నారు. రత్నమాణిక్యం మాత్రం లోపలి గుమ్మం దగ్గర, పైట ముఖానికి అడ్డం పెట్టుకుని నిలబడింది.

"డిటెక్టివులు కూడానా! కుక్కని మరిచిపోయారేంటండీ?" అని పల్లంరాజు నవ్వాడు.

"అవసరం పడలేదండి. మీ ఆవిడ క్రీము ఎలా వాడారు?"

"మొదట్నుంచీ రెండు కళ్ళకీను. చెబితే వింటుందేంటండీ? నా కళ్ళతో చూశాను."

కనకవల్లి రత్నమాణిక్యం వాడిన డబ్బీని తెప్పించి తక్కెడ మీద పెట్టించింది. "ఒక కంటికి వారానికి ఎంత ఖర్చవుతుంది, హారతీ?"

"గ్రాము అండి."

"ఆరు వారాలకు ఆరు గ్రాములు. సరిగ్గా అంతే తగ్గింది. రెండు కళ్ళకు రాసి ఉంటే పన్నెండు తగ్గేది."

"చెయ్యి తగిలుంటుంది. ఎలర్జీ!"

కనకవల్లి ఆరు ఫొటోలు బల్ల మీద వరసగా పేర్చింది.

"క్రీము పడకపోతే రాసినచోట ఎర్రబడుతుంది, దద్దురు లేస్తుంది. కుడి కన్ను ఆరు వారాలూ నిక్షేపంగా ఉంది. ఎడమ కన్ను చూడండి. రెండో వారం అంచున ఊదా. మూడో వారం ఆకుపచ్చ, పసుపు. నాలుగో వారం మామూలు. ఐదో వారం మళ్ళీ ఊదా. ఆరో వారం మళ్ళీ పసుపు. చర్మం కింద గడ్డకట్టిన రక్తం ఈ వరసలోనే రంగులు మారుతుంది. రాజుగారు పంపిన ఫొటోలో కొత్త ఊదా కింద పాత పసుపు ఇంకా ఆరలేదు. ఎదురుగా నిలబడి కుడిచేత్తో కొడితే తగిలేది ఎడమ కంటికే. ఈసారి కన్ను మూసుకుపోయేసరికి నలుగురికీ చెప్పుకోవడానికి క్రీము దొరికింది."

హారతి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "ప్రతి వారం నేనే తీశానండి. ఎనిమిది వారాలయ్యాకే పోల్చుదామని, కుడి కన్నొక్కటే చూసుకున్నాను."

"మెట్ల మీద జారిపడింది!" పల్లంరాజు లేచాడు.

"ఇందాక క్రీమన్నారు."

"మా ఇంటి విషయం మీకెందుకండీ?"

గణేష్‌బాబు చేతిలోని ఫిర్యాదు కాగితాన్ని మడిచాడు. "కూర్చోండి, రాజుగారూ."

ఉదయ్‌భాస్కర్ ఉండబట్టలేకపోయాడు. "మరి ఆవిడ ఎవరికీ ఎందుకు చెప్పలేదు, మేడం?"

"చెప్పింది. ఆరు సోమవారాలు చెప్పింది. ఫోను ఆయన చేతిలో ఉంటుంది, గుడికి వెళ్ళినా ఆయన కారే. అటువంటి ఇంట్లోకి ప్రతి వారం ఒక పరాయి మనిషి వచ్చి, తేదీతో సహా తన ముఖాన్ని ఫొటో తీసి, ఆయన చేతికి అందని చోట దాచాలి. దేనికైతే ఆయన అడ్డు చెప్పడు? భార్య అందంగా కనబడటానికి పూసుకునే క్రీముకు. అందుకు మాత్రం ఈ ఇంట్లో అనుమతి దొరుకుతుందని ఆమె లెక్క కట్టింది. నలుపు లేని కళ్ళతో నలుపు పోగొట్టే పరీక్షకు సంతకం పెట్టింది."

ఉదయ్‌భాస్కర్ గుమ్మం వైపు చూశాడు. దెబ్బ తిన్న ప్రతిసారీ ఆవిడ తరువాతి సోమవారం దాకా రోజులు లెక్కపెట్టుకుని ఉంటుంది. కిటికీ దగ్గర కదలకుండా కూర్చుని, ముఖాన్ని వెలుతురుకు తిప్పి ఉంటుంది. కనకవల్లి కుర్చీలోంచి లేవడం, రత్నమాణిక్యానికి చేతులు జోడించడం చూశాడు. ఈ నాలుగేళ్ళలో ఆమె ఎవరికోసమూ అలా లేవగా చూడలేదు.

"లోపలికి పో!" అన్నాడు పల్లంరాజు.

రత్నమాణిక్యం పైట తీసేసి గుమ్మం దాటి హాల్లోకి వచ్చింది. "హారతి గారూ, మీమీదకి తెచ్చినందుకు ఏమనుకోకండి. కేసు దాకా పోతుందనుకోలేదు. ఎస్సైగారూ, కాయితాలు ఇప్పిస్తారాండి? నేనే రాస్తాను."

గణేష్‌బాబు తన కుర్చీ ఆమెకు ఇచ్చి పక్కన నిలబడ్డాడు. తెరుచుకున్న ఒక్క కంటితో కాగితానికి దగ్గరగా వంగి, ఎక్కడా కొట్టివేత లేకుండా ఆమె రాస్తూ పోయింది. పల్లంరాజు రెండుసార్లు పేరుపెట్టి పిలిచాడు. ఆమె మూడో కాగితం అందుకుంది.