మూడో అంకంలో ఉత్తరం

"మిస్టర్ టిడ్‌మార్ష్! ఇది ఉత్తరమా, నా మెడకు ఉరితాడా?"

మొహానికి వేసుకున్న రంగు కూడా తుడుచుకోకుండా లవీనియా ప్రౌట్ సామాన్ల గదిలోకి దూసుకొచ్చింది. ఆంబ్రోస్ టిడ్‌మార్ష్ విందు సీనులో పెట్టే అట్టకోడికి వేపుడు రంగు పూస్తున్నాడు. తల ఎత్తలేదు.

"ఏం, దస్తూరి బాగాలేదా?"

"'మీ టోపీ మీది పిట్ట ఇవాళో రేపో గుడ్డు పెట్టేలా ఉంది' అని రాస్తారా? ప్రియుడు మోసం చేశాడని గుండె పగలాల్సిన చోట ఫక్కున నవ్వాను! ఇంకోసారి నవ్వితే నా వేషం తన మేనకోడలికి ఇచ్చేస్తానన్నాడు మేనేజరు."

"ఆవిడ వేస్తే జనం మొదటి అంకం నుంచే నవ్వుతారు లెండి."

ఆమె పెదవి కొస కదిలింది. నవ్వు బయటపడకుండా బిగబట్టింది.

"ఇక మీ కాగితం వంక కన్నెత్తి చూస్తే ఒట్టు."

"చూడకుండా ఎలా చదువుతారు?"

"నాకు ప్రతి మాటా కంఠతా వచ్చు. మీరు తెల్లకాగితం ఇచ్చినా చదువుతాను."

వాళ్ళ కంపెనీ వారానికో ఊరు తిరుగుతూ ఆడేది. మూడో అంకంలో లవీనియా ప్రియుడి ఉత్తరం పైకి చదివి, ఏడ్చి, చింపి, పొయ్యిలో పారేయాలి. చిరిగింది మర్నాటికి పనికిరాదు కనుక ప్రతి ఆటకీ కొత్త ఉత్తరం రాసివ్వడం ఆంబ్రోస్ పని. అందులో ఏముందో జనానికి కనపడదు. అందుకే తోచింది రాసేవాడు. తల వంచుకుని పని చేసేటప్పుడు మాటకు మాట అనేవాడు, ఆమెకు ఎదురుగా నిలబడితే మాత్రం "గుడ్ మార్నింగ్" దాటి మాట పెగలదు. కానీ కలం పట్టాడంటే అతన్ని ఆపేవాళ్ళు లేరు.

ఆమె జవాబులు అట్టకోడి పొట్ట కింద పెన్సిలుతో రాసిపెట్టేది.

ఒట్టు పెట్టుకున్న మర్నాడు కోడి కింద ఇలా ఉంది: "ఇవాళ కూడా చూడలేదు." ఆ మర్నాడూ అదే. ఆంబ్రోస్ చదువుకుని మురిసిపోయాడు. చూడనిది ఇంత పట్టింపుగా చెబుతుందా, ఏడిపిస్తోంది అనుకున్నాడు.

ఆమె నిజంగానే చూడలేదు. కాగితం అంచు మీదుగా బాల్కనీలో గ్యాసు దీపం మీద చూపు నిలిపి చదివేది.

రాచ్‌డేల్ ఊళ్ళో ఆఖరి ఆటనాడు ఎప్పటిలాగే చదివింది, ఏడ్చింది, నిలువునా అడ్డంగా చింపి పొయ్యిలో వేసింది. స్టేజీ పక్క తెర చాటున ఏదో దబ్బున పడిన చప్పుడైంది. జనం చప్పట్లలో ఆమె పట్టించుకోలేదు.

ఆదివారం తర్వాతి ఊరికి వెళ్ళే రైల్లో ఆంబ్రోస్ లేడు.

"వేరే కంపెనీలో చేరిపోయాడు," అంది నటుల బట్టలు చూసే మిసెస్ పెల్లో, ఊలు అల్లుతూ. "నువ్వు చేసిన పనికి ఇంకెవడైనా అయితే కాలవలో దూకేవాడు."

"నేనేం చేశాను?"

"చాల్లే, నటన స్టేజీ మీద చెయ్యి. పెళ్ళి చేసుకుంటావా అని అడిగితే వాడి కళ్ళ ముందే చింపావుగా."

లవీనియా ఆమె పక్కకు జరిగింది.

"ఇష్టమైతే ఉత్తరం చింపకుండా గౌను చేతి మడతలో దాచుకోమని రాశాడు పిచ్చివాడు. రాసే ముందు నాతో చెప్పాడు, దాచుకుంటే నాకు బీరు కూడా పోయిస్తానన్నాడు. ఏమ్మా, నువ్వు చదవలేదా?"

"నేను... దీపాన్ని చూస్తున్నాను."

మిసెస్ పెల్లో చేతిలో సూదులు ఆగిపోయాయి. "అయ్యో, నా తల్లీ!"

ఏ కంపెనీ ఏ ఊళ్ళో ఆడుతుందో నాటకాల పత్రికలో పడుతుంది. లవీనియా చూసి రాసింది. జవాబు లేదు. మళ్ళీ రాసింది. ఆ ఊరి నాటకశాల గుమస్తా తిప్పి పంపాడు: కంపెనీ దారి మార్చుకుంది, ఎక్కడికి వెళ్ళిందో తెలీదు. అట్టకోడి ఎవరూ రంగు పూయక వెలిసిపోయింది. కొత్త సామానువాడు ఇచ్చే కాగితంలో గీతలు తప్ప ఏమీ ఉండవు. ఇప్పుడు మాత్రం ఆమె రోజూ కళ్ళారా చూస్తోంది. చింపేటప్పుడు వచ్చే ఏడుపుకి జనం లేచి నిలబడుతున్నారు. మేనేజరు మెచ్చుకుంటే ఆమెకు అతని మొహం మీద కొట్టాలనిపించింది.

వేసవి వచ్చింది. ఇక ఆటలు కట్టు. ఎక్కడి వాళ్ళు అక్కడికి. ఆ తర్వాత అతను ఏ ఊళ్ళో ఉన్నాడో ఏ పత్రికా చెప్పదు.

మిగిలింది ఒక్క ఆదివారం, క్రూ జంక్షను. ఉత్తరాన తిరిగే కంపెనీలన్నీ రైలు మారేది అక్కడే. ప్లాట్‌ఫారాల నిండా పెట్టెలు, కుక్కలు, రంగు వెలిసిన కోట్లు, కౌగిలింతలు. లవీనియా ప్రతి వారంలాగే వెతికింది. లేడు. వాన మొదలైంది. మిసెస్ పెల్లో మాంసం కూరిన వేడి రొట్టె కాగితంలో చుట్టి తెచ్చింది.

"తిను పిల్లా. ఏడవడానికైనా ఓపిక ఉండాలి."

అప్పుడు కనిపించాడు. పట్టాలకి అవతల, బుట్టల మధ్య, జిగురు డబ్బా చంకలో పెట్టుకుని, ఆ ప్లాట్‌ఫారం చివర ఆగిన రైలు ఎక్కబోతూ.

"ఆంబ్రోస్!"

ఇంజను ఈల ఆ కేకను మింగేసింది. కానీ అతను ఎందుకో తల తిప్పాడు. చూశాడు. చూసి మొహం తిప్పుకోబోయాడు.

లవీనియా రొట్టె తీసి మిసెస్ పెల్లో చేతిలో పెట్టి, జిడ్డు కాగితం విప్పి, మూడో అంకంలో లాగే రెండు చేతులా పైకెత్తింది. తల వంచి, వరుస వరుసా చదివింది. వానలో జనమంతా ఆగి చూస్తున్నారు. ఆమె వేళ్ళు చింపే చోటికి వచ్చాయి. అవతల ఆంబ్రోస్ తల దించుకున్నాడు.

"చూడవయ్యా, చూడు!" అని మిసెస్ పెల్లో గొంతు చించుకుంది.

అతను చూశాడు. లవీనియా కాగితం మడిచింది. మళ్ళీ మడిచింది. గౌను ఎడమ చేతి మడతలోకి తోసేసింది.

రైలు కదిలి అడ్డం వచ్చింది. పెట్టె తర్వాత పెట్టె. ఆమె కళ్ళు మూసుకుంది. ఈసారి నిజంగా చూడలేకపోయింది.

చప్పుడు తగ్గాక కళ్ళు తెరిచింది. ఆవిరి మెల్లగా విడిపోయింది. అవతల ఆంబ్రోస్ నిలబడి ఉన్నాడు. టోపీ గాలికి ఎగిరి రైలుతో వెళ్ళిపోయింది. జిగురు డబ్బా మాత్రం ఉంది.

వంతెన దిగి పరిగెత్తుకొచ్చి, రొప్పుతూ ఆమె ఎదుట ఆగాడు. "గుడ్ మార్నింగ్," అన్నాడు.

"ఆ ఉత్తరంలో ఏం రాశారో నాకు ఒక్క ముక్కా తెలీదు," అంది లవీనియా. "చెప్పండి."

"నాకు... కాగితం కావాలి."

"వద్దు. నోటితో చెప్పండి. నేను కంఠతా పెట్టుకుంటాను."