అసిరయ్య ఒప్పుకున్న వేలిముద్ర

చాతం జెట్టీ ఎదుట ఉన్న డిటెక్టివ్ పరంధామయ్య ఆఫీసుకు వచ్చేసరికి తాతమ్మ వానకు నిలువునా తడిసిపోయి ఉంది. ప్లాస్టిక్ కవరులో చుట్టి తెచ్చిన తీర్పు కాపీకి మాత్రం తడి అంటలేదు.

"మా ఇంటాయనకి ఏడేళ్ళు ఏసేసినారు బాబూ! నల్లడబ్బు తెల్లగా మార్చే కుట్రంట. పడవ నడపడం తప్ప ఆయనకేటి తెలుసు? అప్పీలుకి పదిరోజులే ఉందంట."

సహాయకురాలు అరుణకుమారి తీర్పు చదివి వినిపించింది. ఓ ఎగుమతి కంపెనీ తన దొంగసొమ్ము చేపల వ్యాపారంలో వచ్చిందని చూపడానికి, తాతమ్మ భర్త అసిరయ్య దగ్గర చేపలు కొన్నట్టు 2012 నుంచి రెండేళ్ళపాటు నలభై రసీదులు పుట్టించింది. ఏ తేదీకి ఆ తేదీన అసిరయ్య తన ఎదుటే వేలిముద్ర వేశాడని మత్స్యకారుల సొసైటీ కార్యదర్శి సుబ్బరామయ్య సాక్ష్యం చెప్పాడు. ముద్రలు తనవేనని అసిరయ్యా ఒప్పుకున్నాడు. ఇంకేముంది, కేసు తేలిపోయింది!

మర్నాడు పరంధామయ్య తాతమ్మను వెంటబెట్టుకుని ప్రోతరాపూర్ జైలుకు వెళితే, అసిరయ్య తల ఎత్తలేదు.

"ఏలు నాదే బాబూ. కాదని ఎలాగ సెప్పేది? తప్పు సేసినాను."

పాపం, ఆ మనిషి నిజంగానే సిగ్గుతో చితికిపోతున్నాడు. పరంధామయ్య మెల్లగా అతని ఎడమచెయ్యి అందుకున్నాడు. బొటనవేలికి అడ్డంగా లోతైన పాత గాటు మచ్చ ఉంది.

"ఇదెక్కడిది?"

"సురమై సేప లాగింది. గేలం తాడు కోసేసింది."

"రెండువేల పదకొండు," అంది తాతమ్మ. "ఆరు కుట్లేసినారు. అస్పతాల్ చీటీ నాకాడుంది."

"సొసైటీలో ముద్రలెప్పుడు వేశావు?"

"పడవ కొత్తలో బాబూ, గాటు పడకముందే. రాయితీ డీజిలు కాగితాలంటే ఏట మానుకుని మాటిమాటికీ ఎవులెల్తారు? ఖాళీ కాగితాల కట్టంతా ఒకేపాలి ఏసేసినాం. అందరం అంతే."

మూడోరోజు సొసైటీ హాల్లో తాతమ్మనూ, అప్పీలు వేయబోయే లాయరునూ, సుబ్బరామయ్యనూ కూర్చోబెట్టి, పరంధామయ్య రసీదుల నకళ్ళు బల్లమీద పరిచాడు.

"వేలు తెగింది 2011లో. ఈ తేదీలన్నీ ఆ తరువాతవి. ఒక్క ముద్రలోనూ గాటు లేదేం, సుబ్బరామయ్యగారూ? డీజిలు కోసమని ఖాళీ కాగితాల మీద వేయించుకున్న ముద్రల్ని మీరే కంపెనీకి అమ్మేశారు. ముద్ర ఎవరిదని కోర్టు అడిగింది. ఎప్పటిదని ఎవరూ అడగలేదు."

అరుణకుమారికి చప్పట్లు కొట్టాలనిపించింది. సుబ్బరామయ్య తాతమ్మ ముఖం చూడలేకపోయాడు.

"ఆశపడ్డాను," అన్నాడు చివరికి.

హైకోర్టు అసిరయ్య శిక్ష రద్దుచేసింది. జైలు గేటు దగ్గర అరుణకుమారి తీర్పు చదువుతుంటే అతను మధ్యలోనే ఆపాడు.

"అంటే దీదీ, నేను తప్పు సేయనేదా?"

"లేదు."

మళ్ళీ అదే అడిగాడు. మళ్ళీ లేదంది. మూడోసారి తాతమ్మ ఊరుకోలేకపోయింది.

"ఎన్నిపాల్లు సెప్పినాను మావా! కోర్టు సెప్తేగానీ నమ్మవా?" అని అందరి ముందూ అతన్ని గుండెకు హత్తుకుని ఏడ్చేసింది.