పెట్టినవాళ్ళే తియ్యాలి

పరుగు!

వెనక బూట్ల చప్పుడు. దగ్గరికి... ఇంకా దగ్గరికి!

కాళ్ళ కింద గ్రీజు. పక్కన మోకాలెత్తున రోలర్ కోస్టర్ పట్టాలు. రెండు పక్కలా సిమెంటు గోడలు.

"ఆగు!" మేనేజర్ అరుస్తున్నాడు. "ఆగవే! అది ఇటిచ్చెయ్!"

ఆమె ఆగదు.

దీన్ని వర్క్‌షాపులో అందరూ గుంట అంటారు. పైనుంచి దూకిన ట్రైన్ ఇక్కడ భూమిలోకి దిగి, మళ్ళీ నిటారుగా పైకి లేస్తుంది. ట్రైన్ వచ్చినప్పుడు గోడకీ దానికీ మధ్య జానెడు కూడా మిగలదు. ఉన్నది ఒకటే ఇనప తలుపు.

ఆ తలుపు ఇప్పుడు మేనేజర్ వెనకుంది.

టార్చ్ వెలుగు ఆమె వీపు మీద పడుతుంది. గోడ వచ్చేసింది. ఇక దారి లేదు.

ఆమె వెనక్కి తిరుగుతుంది.

"అయిపోయిందా?" మేనేజర్ రొప్పుతూ నవ్వుతాడు. "ఫోన్లో ఏమన్నావ్? ఒంటరిగా రా, తాళం చూపిస్తానన్నావ్. వచ్చాను. చూపించు."

ఆమె జేబులోంచి తీస్తుంది.

ఇత్తడి తాళం. కొక్కెం రెండు ముక్కలు. కట్టర్‌తో కోసిన గుర్తు ఇంకా మెరుస్తోంది. కింద చిన్న నీలం చుక్క.

ఆ చుక్క ఆమే పెట్టింది. తన గోళ్ళరంగుతో. తమ్ముడు ఉద్యోగంలో చేరిన రోజున. "ఛీ, అమ్మాయిల రంగేంటే అక్కా!" అని వాడు మొహం మాడ్చుకున్నాడు. తర్వాత మాత్రం ఎప్పుడూ చెరిపెయ్యలేదు.

రైడ్ మెకానిక్కులకి ఒకటే రూలు. కిందికి దిగేముందు మెయిన్ స్విచ్‌కి ఎవరి తాళం వాళ్ళు పెట్టుకోవాలి. తాళంచెవి మెళ్ళో ఉండాలి. తాళం ఉన్నంతసేపు బండి కదలదు. పెట్టినవాళ్ళే తియ్యాలి. ఇంకెవరూ ముట్టుకోకూడదు.

పది నెలల కిందట తమ్ముడు ఈ గుంటలోనే చచ్చిపోయాడు.

'తాళం పెట్టకుండా దిగాడు. అది అతని నిర్లక్ష్యమే.' రిపోర్టులో మేనేజర్ రాసిన రెండు ముక్కలు.

ఆ రెండు ముక్కలూ అమ్మని తినేస్తున్నాయి. పొద్దున లేస్తే అదే ప్రశ్న. "వాడెందుకు మర్చిపోయాడే? అంత జాగ్రత్తమనిషి... ఎలా మర్చిపోయాడే?"

వాడు మర్చిపోలేదమ్మా!

ఇదివరకు పార్కు మూసేశాక రాత్రంతా మెకానిక్కులదే. తర్వాత పైవాళ్ళకో ఐడియా వచ్చింది. పగలు అందరూ ఎక్కే బండినే రాత్రి నలభై మంది ఎక్కితే దానికి 'ఎక్స్‌క్లూజివ్' అని పేరు. టికెట్ మూడు రెట్లు. చేతికి బంగారు రంగు పట్టీ. క్యూ లేదు, ఎండ లేదు, పక్కవాడి పిల్లల ఏడుపు లేదు. ఆ సంబరంలో రిపేరు టైము నాలుగు గంటల నుంచి రెండయింది. రెండు ఒకటయింది.

ఆ రాత్రి తమ్ముడి పని తెమల్లేదు. పైన పట్టీలవాళ్ళు గోల మొదలెట్టారు. అంతే!

"ఇది నీకెవరిచ్చారు?" మేనేజర్ చెయ్యి చాస్తాడు.

"చెత్తలో దొరికింది."

అది నిజమే. ఈ బండి నడిపే ఆపరేటర్ బాబాయ్ వారం కిందట కాగితంలో చుట్టి తెచ్చిచ్చాడు. "చెత్తలో దొరికిందమ్మా" అన్నాడు. తలెత్తకుండా.

"ఇటివ్వు. ఎంత కావాలో చెప్పు."

"కావాలా?"

"ఇవ్వు!"

"తీసుకో!"

విసురుతుంది! తాళం పట్టాల అవతల గ్రీజులో పడుతుంది. మేనేజర్ దాని మీదకి దూకుతాడు. ఖరీదైన బూట్లు జర్రున జారతాయి. మోకాళ్ళ మీద పడతాడు.

ఆమె వర్క్‌షాపు బూట్లు జారవు.

ఒక్క గెంతు! పట్టాలు దాటి, అతన్ని దాటి, తలుపు బయటికి!

ధడేల్!

గడియ పడింది.

మెట్లు. పద్నాలుగు. రెండేసి ఎక్కేస్తుంది. పైన కంట్రోల్ క్యాబిన్. బాబాయ్ కుర్చీలో బిగుసుకుని కూర్చున్నాడు. వర్క్‌షాపు మొత్తానికీ ఆయన బాబాయే. తమ్ముడికి సైకిల్ నుంచి క్రేన్ దాకా నేర్పింది ఆయనే.

టైము పదకొండు నలభై మూడు. నలభై అయిదుకి ఖాళీ ట్రైన్ ట్రయల్. పన్నెండుకి జనం.

మెయిన్ స్విచ్‌కి ఒక తాళం వేలాడుతోంది. ఎర్ర చుక్క. ఆమెది. ఆమె కూడా ఇక్కడ మెకానిక్కే.

మేనేజర్ దిగేముందు ఈ తాళం చూసుకుని మరీ దిగాడు. ఇంకేం భయం అనుకున్నాడు. తన తాళం పెట్టలేదు. అసలు అతనికి తాళమే లేదు. ఇన్నేళ్ళలో ఒక్కసారైనా కిందికి దిగితే కదా!

ఆమె మెళ్ళో తాళంచెవి తీస్తుంది.

టక్.

తాళం ఊడింది. పెట్టిన మనిషే తీసింది. రూలు తప్పలేదు.

బల్ల మీద వాకీటాకీ గరగరలాడుతుంది. దాని జత కింద మేనేజర్ చేతిలో ఉంది. "తలుపు తియ్! ఏయ్! తలుపు తియ్యవే!"

ఆమె పార్కు మైకు ఆన్ చేస్తుంది. వాకీటాకీని దాని ముందు పెడుతుంది. గేటు దగ్గర బంగారు పట్టీలవాళ్ళు నలభై మంది. స్పీకర్లు వాళ్ళ నెత్తి మీదే.

"సార్," అంటుంది తాపీగా. "నా తాళం నేను తీసేసుకున్నాను. మీ తాళం ఎక్కడుంది?"



"...ఏంటి?"

"తాళం పెట్టకుండా దిగారు. అది మీ నిర్లక్ష్యమే. రేపు రిపోర్టు నేను రాస్తాను. మాటలు వెతుక్కోనక్కర్లేదు, మీరు రాసిపెట్టినవే ఉన్నాయి."

"వద్దు... వద్దమ్మా! నీకు దండం పెడతా!"

"నా తమ్ముడు తాళం పెట్టాడా, లేదా?"

"పెట్టాడు! పెట్టాడు!"

గేటు దగ్గర గోల ఠక్కున ఆగిపోతుంది.

పది నెలలు! ఈ ఒక్క మాట కోసం పది నెలలు! అమ్మా, విన్నావా? వాడు మర్చిపోలేదు!

"మరి ఎవరు తీశారు?"

"నేనే తీయించాను! జనం డబ్బు వెనక్కివ్వమన్నారు... వాడు పైకొచ్చేశాడనుకున్నాను... కట్టర్ నేనే ఇచ్చాను! కానీ కోసింది నేను కాదు!"

"ఎవరు?"

"బాబాయ్! మీ బాబాయే కోశాడు!"

ఆమె తల తిప్పుతుంది. మెల్లగా.

బాబాయ్ ఆమెని చూడడం లేదు. తన చేతుల్ని చూసుకుంటున్నాడు.

"బాబాయ్...?"

ఆయన తల ఇంకా కిందికి వంచేస్తాడు.

శవాన్ని మోసింది ఈయనే. అమ్మ పక్కన కూర్చుని ఓదార్చింది ఈయనే!

కింద మేనేజర్ ఏడుస్తున్నాడు. పసిపిల్లాడిలా, ఎక్కిళ్ళు పెట్టి.

పచ్చ బటన్ ఆమె చేతికి అందేంత దూరంలో ఉంది. ఒక్క వేలు చాలు. ఈ క్షణం కోసమే కదా బతికింది!

చెయ్యి లేస్తుంది...

'కింద మనిషుంటే బండి కదలకూడదే అక్కా. వాడెవడైనా సరే.' తమ్ముడి మాట. నూరుసార్లు చెప్పి విసిగించిన మాట.

ఆమె పళ్ళు బిగిస్తుంది. ఎర్ర చుక్క తాళాన్ని మళ్ళీ స్విచ్‌కి తగిలించి నొక్కేస్తుంది.

టక్.

"చాలు. అందరూ విన్నారు. పోలీసుల్ని పిలుస్తాను. అతను చెప్పిందీ చెప్తాను, నువ్వు చేసిందీ చెప్తాను."

"చెప్పమ్మా. చెప్పాలి." బాబాయ్ లేస్తాడు. "ఆ రాత్రి నేను ఒక్కసారి కిందికి తొంగి చూస్తే సరిపోయేది. చూళ్ళేదు. రిటైర్మెంటుకి ఆర్నెల్లుందని భయపడ్డాను."

బల్ల కింద చెయ్యి పెడతాడు.

పొడుగాటి కట్టర్.

"బాబాయ్, ఏం చేస్తున్నావ్?"

"పోలీసులకి ఇది నీ పని కాదని చెప్పు తల్లీ. నీ తాళం నువ్వు పెట్టే ఉంచావు. అందరూ చూస్తారు."

"బాబాయ్!"

ఖణేల్!

ఎర్ర చుక్క తాళం రెండు ముక్కలై ఆమె కాళ్ళ దగ్గర పడుతుంది.

బాబాయ్ వేలు పచ్చ బటన్ మీద.

పైన ఎక్కడో గొలుసు కదులుతుంది... టక... టక... టక... ఖాళీ ట్రైన్ ఎత్తుకి ఎక్కుతోంది. శిఖరం చేరడానికి ఇరవై సెకన్లు.

"ఎవరది? ఆ చప్పుడేంటి? ఆపండి! ఆపండీ!"

బండిని ఆపే ఎర్ర బటన్ ఆమె ముందే ఉంది. ఆమె చెయ్యి దాని మీదకి వెళ్తుంది.

బాబాయ్ అడ్డురాడు. పక్కకి జరిగి చోటిస్తాడు.

టక... టక...

అమ్మ మొహం. నీలం చుక్క. ఈ గొలుసు చప్పుడే వాడు చివరిసారి విన్నది.

ఆమె చెయ్యి బటన్‌కి అంగుళం దూరంలో ఆగిపోతుంది.

టక.

గొలుసు చప్పుడు ఆగింది. ట్రైన్ దూకింది!